నానమ్మ మోకాలు, నాలుగో లైన్‌బ్యాకర్

ఎమిల్ తాతకి లెక్కలు రావని కాదు. టాబర్ క్రీక్‌లో మాంసం కొట్టు నడిపేవాడికి లెక్కలు రాకపోతే ఊరు ఊరంతా ఉచితంగా సాసేజీలు తిని మూతి తుడుచుకునేది. కానీ లైన్‌బ్యాకర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన లెక్క మూడు దగ్గర ఆగిపోయేది. మూడు తర్వాత ఏమిటని ఎవరైనా అడిగితే, "భోజనం" అనేవాడు.

ఆ ఊరున్న నెబ్రాస్కా రాష్ట్రంలో ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నుకునే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని ఒకడు చంకలో ఇరికించుకుని పరిగెడుతుంటే, అవతలి పదకొండుమంది వాణ్ణి మట్టి కరిపించే ఆట. ఆ అడ్డుకునే పదకొండుమందిలో ముందు నలుగురు ఎడ్లలాగా వంగి, చెయ్యి నేలకి ఆనించి, ఎదుటివాళ్ళని కుమ్ముతారు. వాళ్ళ వెనక ముగ్గురు నిటారుగా నిలబడి, బంతి ఎటు పోతుందో పసిగట్టి అటు దూకుతారు. ఆ ముగ్గురే లైన్‌బ్యాకర్లు. ఊరి హైస్కూలు జట్టు పేరు పుంజులు. పుంజుల్లో ఆ ముగ్గురినీ ఏరి, తిట్టి, తయారుచేసే పని ముప్ఫయ్యేళ్ళకి పైగా తాతది. ముందు వరుస నలుగురూ నానమ్మ తమ్ముడు ఆల్విన్ చేతికింద ఉండేవాళ్ళు. వాళ్ళని తాత "నేల నాకేవాళ్ళు" అనేవాడు. తాతవాళ్ళని ఆల్విన్ "వేడుక చూసేవాళ్ళు" అనేవాడు. ఆదివారం భోజనాల దగ్గర ఇద్దరికీ ఇదే పచ్చడి.

తాత కూడా చదువుకునే రోజుల్లో ఆడాడు. ఒకే ఒక్క ఆట. అందులో ఆయన మట్టి కరిపించింది ఒక్కణ్ణే, వాడూ సొంత జట్టువాడే. ఆ పడ్డవాడు ఆల్విన్. చీలమండ బెణికి మంచమెక్కాడు. పరామర్శకని వెళ్ళిన తాతకి అక్కడ ఆల్విన్ అక్క బ్లాంచ్, గసగసాల ముద్ద పెట్టిన కొలాచీ రొట్టెల పళ్ళెం పట్టుకుని ఎదురైంది. ఆల్విన్ కాలు బాగుపడి పొలం పనికి పోతున్నా, తాత మాత్రం వారం వారం పరామర్శకి వెళుతూనే ఉన్నాడు. బెణికింది తన కాలైతే పడిపోయింది బావ అని ఆల్విన్ ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెబుతాడు.

పెళ్ళయ్యాక ఒక శుక్రవారం, జట్టు భోజనానికి సాసేజీలు ఇవ్వడానికి మైదానానికి వెళ్ళిన తాత, కంచె బయట నిలబడి లైన్‌బ్యాకర్లని తిట్టడం మొదలుపెట్టాడు. అప్పటి కోచ్ విసుగెత్తి, ఆ తిట్టేదేదో లోపలికొచ్చి తిట్టమన్నాడు. లోపలికి పోయిన మనిషి మళ్ళీ బయటికి రాలేదు. జీతం లేదు. ఏడాదికో కొత్త టోపీ ఇస్తారు. ఆ టోపీలన్నీ కొట్టులో జింక కొమ్ములకి తగిలించి ఉంటాయి. కొమ్ములు చాలక పక్కింటివాళ్ళ కొమ్ములు కూడా అడిగి తెచ్చుకున్నాడు.

అయితే ఇందులో ఒక గుట్టు ఉంది. తాత ఎవర్నీ ఏరేవాడు కాదు. ఏరేవి నానమ్మ పాదాలు.

ఆగస్టులో ఆ ఊళ్ళో ఏదో ఒక పెళ్ళి ఉండి తీరుతుంది. పెళ్ళంటే డ్యాన్సు హాలు, అకార్డియన్ పాట, పోల్కా చిందులు. హాలు నిండా జంటలు గిర్రున తిరుగుతుంటే మధ్యలోంచి పిల్లలు, బీరు పళ్ళేలు, ముసలాళ్ళ చేతికర్రలు. నానమ్మ లైన్‌బ్యాకర్ కావాలనుకునే ప్రతి కుర్రాడితో ఒక పాటకి తిరిగేది. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ తీర్పు చెప్పేది. ఫలానావాడు కాలు తొక్కి, తొక్కిన సంగతే తెలుసుకోలేదు కనక వద్దు. ఫలానావాడు తొక్కబోయి గాల్లోనే ఆపుకున్నాడు కనక ఉంచు. ఆ ముక్కలే సోమవారం మైదానంలో తాత తన బుర్రలోంచి ఊడిపడ్డట్టు ప్రకటించేవాడు. ఈ గుట్టు ఊరందరికీ తెలుసు. ఎవరికీ తెలియదనుకునేది తాత ఒక్కడే. ఆగస్టు వస్తే కుర్రాళ్ళు వంటింట్లో తల్లుల్ని పట్టుకుని పోల్కా సాధన చేసేవాళ్ళు.

ఒక ఏడాది రెండు ఉపద్రవాలు ఒకేసారి వచ్చిపడ్డాయి. మొదటిది, నానమ్మ చెర్రీపళ్ళు కొయ్యబోయి నిచ్చెన మీదనుంచి జారింది. మోకాలికి ఆపరేషన్ చేశారు. క్రిస్మస్ దాకా పోల్కా మాటెత్తొద్దన్నాడు డాక్టరు. రెండోది, పుంజులకి కర్ట్ హెస్సింగ్ అని కొత్త కోచ్ వచ్చాడు. మంచివాడే, మర్యాదస్తుడే. కానీ మాంసం కొనేటప్పుడు కొవ్వు తీసేసి ఇమ్మంటాడు. కొవ్వు వద్దనేవాణ్ణి పూర్తిగా ఎలా నమ్మడం అని తాత బాధ.

ఒక సాయంత్రం ఆ కోచ్ ఆల్విన్‌ని వెంటబెట్టుకుని కొట్టుకొచ్చాడు. బల్ల మీద ఉన్న సాసేజీల్ని ముందు నాలుగు, వెనక మూడు పేర్చాడు. పేర్చి, ముందు వరుసలోంచి ఒకటి తీసి వెనక వరుసలో పెట్టాడు. ముందు ముగ్గురు, వెనక నలుగురు. ఈసారి పుంజులు ఇలా ఆడతారన్నాడు. నాలుగోవాడు ఒకసారి ముందుకు దూకుతాడు, ఒకసారి వెనక్కి జరిగి ఎదుటివాళ్ళు విసిరిన బంతిని ఆపుతాడు. వాడు ఏం చేస్తాడో తెలియక ఎదుటివాళ్ళు తికమకపడతారన్నాడు.

తాత ఆ నాలుగో సాసేజీ వంక ఇంటికొచ్చిన కొత్త అల్లుణ్ణి చూసినట్టు చూశాడు. ఆల్విన్ చెయ్యి చాపి దాన్ని మళ్ళీ ముందు వరుసలోకి లాగాడు.

"ఇది నాది," అన్నాడు ఆల్విన్.

"ఇంక కాదు ఆల్విన్ గారూ. మీ నలుగురిలో ఒకర్ని ఎమిల్ గారికి ఇవ్వాలి. ఎవర్నన్నది ఎమిల్ గారిష్టం," అన్నాడు కోచ్.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. వెళ్ళబోతూ, పాత ముగ్గురు తెలిసినవాళ్ళే కాబట్టి నాలుగోవాడి పేరు సోమవారానికి చెబితే చాలని, అది కుదరకపోతే ముందువాళ్ళనీ వెనకవాళ్ళనీ కలిపి ఏడుగుర్నీ ఒక్కరి చేతికిందే పెట్టేద్దామని చెప్పి వెళ్ళాడు. ఆ ఒక్కరు ఎవరో చెప్పలేదు. చెప్పక్కర్లేకుండానే ఆల్విన్ మీసం కింద నవ్వు తెలిసిపోయింది. అంటే ముప్ఫయ్యేళ్ళ లైన్‌బ్యాకర్లు బావమరిది పాలవుతారన్నమాట. ఇకమీదట ఆదివారం భోజనాల దగ్గర తాత నోరు మూసుకుని బంగాళాదుంపలు అందించాలన్నమాట.

మర్నాటి నుంచి ఇద్దరి మధ్యా పశువుల సంత బేరం మొదలైంది. ఆల్విన్ దగ్గర ఇవ్వదగ్గవాళ్ళు ఇద్దరు. ఒకడు రాండల్ క్విస్ట్. పొడుగ్గా, అందంగా, గాలికి పుట్టినట్టు పరిగెత్తేవాడు. రెండోవాడు టెడ్డీ హ్రూష్కా. రాతిబండకి చొక్కా తొడిగినట్టుండేవాడు. రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే అందులో రెండు "అవును", "కాదు". ఆల్విన్ రాండల్‌ని ఆకాశానికెత్తాడు.

"తీసుకో బావా. ఇంటి పిల్లని ఇచ్చినట్టు ఇస్తున్నా."

"నీ సంగతి నాకు తెలీదా? పాడి ఆవుని గేటు దాటనిస్తావా నువ్వు? ఒట్టిపోయినదానికే కొమ్ములకి రంగేస్తావు," అన్నాడు తాత.

"పోనీ టెడ్డీని తీసుకో. వాడికి వెనక్కి నడవడం కూడా రాదు. వాళ్ళ పొలంలో ట్రాక్టరు కూడా ముందుకే పోతుంది."

తాతకి నిద్ర కరువైంది. ఆల్విన్ రాండల్‌ని పొగిడాడంటే రాండల్ పనికిరాడు. కానీ తాత అలా అనుకుంటాడని ఆల్విన్‌కి తెలుసు. తెలిసే పొగిడాడంటే రాండల్ పనికొస్తాడు. కానీ అదీ తాతకి తడుతుందని ఆల్విన్‌కి తెలిస్తే? ఈ గుడుగుడు గుంచం తిరిగి తిరిగి పంది తొడ కొయ్యబోయి తన టోపీ అంచు కోసుకున్నాడు. చివరికి నానమ్మ దగ్గర చేరి, నీకేమనిపిస్తుంది బ్లాంచ్ అని మెల్లగా అడిగాడు. తిరగకుండా ఎలా చెప్పమంటావు అని నానమ్మ మోకాలి మీది ఐసు సంచి సర్దుకుంది. ముప్ఫయ్యేళ్ళు తన కాళ్ళు అరగదీసి మెదడు అరగకుండా దాచుకున్నావు కదా, ఇప్పుడు బయటికి తియ్యమంది.

శనివారం పోస్టుమాస్టరు గారి అమ్మాయి పెళ్ళి. హాలు కిటకిటలాడుతోంది. నానమ్మ గోడవారగా కుర్చీలో కూర్చుని, కాలు బీరు పెట్టె మీద దిండేసుకుని పెట్టుకుంది. రెండు పాటలయ్యాయి. కుర్రాళ్ళంతా నానమ్మ కాలి వంక, తర్వాత తాత వంక చూస్తున్నారు. తాత గ్లాసులో బీరంతా ఒక్క గుక్కలో తాగి, టోపీ తీసి నానమ్మ ఒళ్ళో పెట్టి, తిన్నగా రాండల్ దగ్గరికి నడిచాడు.

"రా, తిరుగుదాం," అన్నాడు.

"ఎవరితో తాతా?"

"నాతోనేరా. నన్ను ఆడమనిషనుకో."

అకార్డియన్ వాయించేవాడికి ఒక మెట్టు తప్పింది. ఆ ఊళ్ళో తాతలు మనవళ్ళ వయసువాళ్ళతో పోల్కా ఆడకూడదని ఎవరూ రాసిపెట్టలేదు గానీ, అంతవరకు ఎవరూ ఆడలేదు. పైగా తాతకి పెద్ద చిక్కు. మగవాడు ముందుకు అడుగేస్తాడు, ఆడమనిషి వెనక్కి. తాత పుట్టి బుద్ధెరిగాక పోల్కాలో వెనక్కి అడుగు వెయ్యలేదు. రాండల్ ముందుకు వేస్తే ఆయనా ముందుకే వేశాడు. ఇద్దరి పొట్టలూ మద్దెల మీద దెబ్బలా మోగాయి.

"కుడికాలు వెనక్కి," అని నానమ్మ ఊతకర్ర ఊపింది. "అది ఎడమది, ఎమిల్. ఇన్నేళ్ళూ ఏ కాలు ఏదో తెలీకుండానే తిరిగావా నాతో?"

ఎలాగో కుదురుకున్నారు. రాండల్ వేగం మామూలుది కాదు. తాత బొంగరంలా తిరిగాడు. కానీ రాండల్ చూపు ఒకసారి తన బూట్ల మీద, ఒకసారి పెళ్ళికూతురి చెల్లెలి మీద. మొదటిసారి తాత వీపు స్తంభానికి కొట్టుకుంది. రెండోసారి పాదిరి గారికి. మూడోసారి కేకు బల్లకి తగలబోతే పెళ్ళికూతురి అత్త అడ్డుపడి కేకుని కాపాడింది, తాతని కాపాడలేదు.

తర్వాత టెడ్డీ. వాడు అరచేతులు ప్యాంటుకి తుడుచుకుని, గుమ్మడికాయ ఎత్తుకునేవాడిలా తాతని పట్టుకున్నాడు. నెమ్మదిగానే తిరిగాడు. కానీ తాత వీపు దేనికీ తగల్లేదు. ఒక చుట్టు, రెండు చుట్లు. నానమ్మ ఊతకర్రతో నేల మీద కొట్టి, ఇప్పుడు వాణ్ణి వెనక్కి నడిపించమంది. తాతకి ప్రాణం లేచివచ్చింది. ముందుకి వెయ్యడం ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య. టెడ్డీని తోసుకుంటూ హాలు ఈ చివరినుంచి ఆ చివరికి బయల్దేరాడు.

సగం దారిలో టెడ్డీ ఆగిపోయాడు. తాత ఎంత తోసినా కదల్లేదు. కాలు ఒకటి గాల్లోకి లేపి అలాగే ఉంచాడు. ఆ కాలి కింద, వాడి వెనక, పువ్వుల బుట్టలోంచి పడిన రేకులు ఏరుకుంటూ ఒక చంటిపిల్ల కూర్చుని ఉంది. టెడ్డీ ఆ కాలుని మెల్లగా పిల్ల తల మీదుగా తిప్పి అవతల ఆనించి, మళ్ళీ తాళం అందుకున్నాడు.

తాత మాత్రం అందుకోలేదు. ఉన్నచోటే నిలబడిపోయాడు.

"వీపుకి కళ్ళున్నాయిరా నీకు? ఎలా తెలిసింది?"

టెడ్డీ ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పాడు. అంత పెద్ద జవాబు వాడికి అలవాటు లేదు.

"వాళ్ళమ్మ ఎదురుగా ఉంది తాతా. ఆవిడ ముఖం మారింది. ముఖం మారితే నా వెనక ఏదో ఉందన్నమాటేగా."

తాత వాణ్ణి వదిలేసి నానమ్మ కుర్చీ దగ్గరికొచ్చాడు. చెమటలు కారుతున్నాయి. నోరు తెరవబోయాడు. ఈసారి పాదాలు తనవి కావు కనక తనని అడగొద్దని నానమ్మ ముందే చెప్పేసి, కొలాచీ కొరుక్కుంటూ పైకప్పు వంక చూసింది. పక్కనే బీరు గ్లాసుతో ఆల్విన్. తాత బావమరిది ముఖంలోకి తేరిపార చూశాడు. టెడ్డీ దగ్గర ఇప్పుడే నేర్చుకున్న విద్య కదా.

"టెడ్డీని తీసుకుంటున్నా," అన్నాడు.

ఆల్విన్ ముఖం పాలు విరిగినట్టు మారిపోయింది. ఇంక తాతకి సందేహం లేదు. ఆ బండవాడి మీద ఆల్విన్ రెండేళ్ళుగా ప్రాణం పెట్టుకున్నాడని, ఎవరి కంటా పడకుండా ముందు వరుసలో దాచుకున్నాడని ఒక్క క్షణంలో తెలిసిపోయింది. ఆల్విన్ ఊరికే వదల్లేదు. ఈ సీజన్ అంతా పొగబెట్టిన సాసేజీలు తన ఇంటికి రావాలన్నాడు, టెడ్డీని గడ్డిపరకలాగా చూస్తే ఊరుకోనన్నాడు, చివరికి కళ్ళు కూడా తుడుచుకున్నాడు. బీరు వల్లే అన్నాడు.

శుక్రవారం పక్కూరు హాల్‌స్టెడ్ జట్టుతో మొదటి ఆట. ఊళ్ళో కొట్లన్నీ మూసేశారు. మైదానం చుట్టూ మొక్కజొన్న చేలు, పైన దీపాలు, నానమ్మ మొదటి వరుసలో ఊతకర్రతో. పుంజులు అడ్డుకునే వంతు వచ్చింది. తాత తన పాత ముగ్గుర్నీ పేరుపేరునా పిలిచి, వీపు మీద చరిచి లోపలికి తోశాడు. చేతులు కట్టుకుని హాయిగా నిలబడ్డాడు. ఆల్విన్ ముగ్గురూ వంగారు. తాత ముగ్గురూ నిలబడ్డారు. అన్నీ సరిగ్గా ఉన్నట్టే అనిపించింది.

హాల్‌స్టెడ్ కుర్రాడు బంతి చంకలో పెట్టుకుని ఎడమ పక్కనుంచి బయల్దేరాడు. అక్కడ అడ్డంగా ఎవరూ లేరు. తలుపు తీసి ఉంచిన ఇంట్లోకి వెళ్ళినట్టు చివరి గీత దాటి వెళ్ళిపోయాడు. అది దాటితే పాయింట్లే.

కోచ్ హెస్సింగ్ నెమ్మదిగా తాత వైపు తిరిగాడు.

"ఎమిల్ గారూ, మనవాళ్ళు పదిమందే ఉన్నారు."

తాత వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. మూడు దగ్గర ఆగాడు. అప్పుడు చూసుకుంటే పక్కనే, భుజం ఆనుకునేంత దగ్గర్లో, తలకి రక్షణ టోపీ పెట్టుకుని టెడ్డీ నిలబడి ఉన్నాడు.

"నువ్వెందుకురా ఇక్కడున్నావు?"

"మీరు పిలవలేదుగా తాతా."

వెనకనుంచి నానమ్మ ఊతకర్ర కంచె మీద టంగుమంది. ముప్ఫయ్యేళ్ళ అలవాటు ఒక్క పోల్కాతో పోతుందా? తాత చెవులు కాలిపోయాయి. ఏడుగుర్నీ ఆల్విన్‌కి అప్పగించే మాట ఇప్పుడే వస్తుందనుకున్నాడు. కోచ్ నాలుగు వేళ్ళు మాత్రం పైకెత్తి చూపించాడు. అప్పటినుంచి ఆట అయ్యేదాకా పుంజులు అడ్డుకునే వంతు వచ్చిన ప్రతిసారీ తాత టెడ్డీ పేరే ముందు పిలిచాడు, మిగతావాళ్ళ పేర్లు మర్చిపోయినా ఫరవాలేదన్నట్టు.

టెడ్డీ వెళ్ళాక ఆ తలుపు మూసుకుంది. హాల్‌స్టెడ్‌వాళ్ళు అటు వస్తే వాడు ముందుకు దూకి వాళ్ళని మూటగట్టి కింద పెట్టేవాడు. మధ్యలో పుంజులు కూడా ఒకసారి గీత దాటారు. చివరికొచ్చేసరికి ఇద్దరూ సమానం. హాల్‌స్టెడ్‌వాళ్ళకి ఇంక పరిగెత్తి లాభం లేదని తెలిసి బంతి విసరబోయారు. విసిరేవాడు కుడివైపు చూస్తూ నిలబడ్డాడు. అందరూ అటే పరిగెత్తారు. టెడ్డీ పరిగెత్తలేదు. ఆ కుర్రాడి ముఖంలోకి చూశాడు. చూసి, వెనక్కి ఒక అడుగు వేశాడు. ఇంకోటి. కాలు లేపి ఇంకోటి. పోల్కా తాళంలోనే వేశాడని నానమ్మ ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది. విసిరినవాడి చూపొకటి, విసురొకటి. బంతి ఎడమకి వచ్చి, గూటికి చేరిన పావురంలా టెడ్డీ పొట్టలో దిగింది.

వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముందు వరుసవాళ్ళ చేతికి బంతి ఎప్పుడు రావాలి గనక? మైదానం అంచునుంచి తాత, ఆల్విన్ ఒకేసారి పరిగెత్తమని అరిచారు. వాడు పరిగెత్తాడు. దాన్ని పరుగనొచ్చో లేదో గానీ, ఆపడం మాత్రం ఎవరివల్లా కాలేదు. ముగ్గురు వేలాడుతున్నా పోయాడు. మైదానం అంచున వాడి పక్కనే ఇద్దరు ముసలాళ్ళు కూడా పరిగెత్తారు. "నావాడు" అని ఒకడు, "నావాడు" అని ఇంకొకడు. ఇద్దరూ ఒకరి కాళ్ళకి ఒకరు అడ్డం పడి నీళ్ళ బకెట్ మీదుగా బోర్లాపడ్డారు. లేచి చూసేసరికి ఊరంతా నిలబడి ఉంది, టెడ్డీ చివరి గీత అవతల నలుగురి కింద ఉన్నాడు, బంతి ఇంకా వాడి పొట్టలోనే ఉంది.

తాత జీవితంలో రెండోసారి ఒక మనిషిని మట్టి కరిపించాడు. రెండుసార్లూ ఆల్విన్‌నే. ఈసారి చీలమండ బెణకలేదు.

సోమవారం కోచ్ కొట్టుకొచ్చి, ఆ నలుగురూ మీవాళ్ళేనని చెప్పి, సాసేజీలు కొన్నాడు. కొవ్వు తియ్యమనలేదు. తాత తనంతట తనే తీసి ఇచ్చాడు.

సెప్టెంబరులో ఆల్విన్ మనవరాలి పెళ్ళి. నానమ్మ మోకాలు ఇంకా బీరు పెట్టె మీదే ఉంది. అకార్డియన్ మొదలవగానే వచ్చే ఏడాది ఆడబోయే కుర్రాళ్ళు ఐదుగురు, తలలు నున్నగా దువ్వుకుని, తాత ముందు వరుసగా నిలబడ్డారు. ఐదోవాడి వెనక, గ్లాసు పక్కన పెట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ కోచ్ హెస్సింగ్. తాత అందర్నీ ఒకసారి చూశాడు. టోపీ తీసి నానమ్మ ఒళ్ళో పెట్టాడు. ఎవరూ చెప్పకుండానే కుడికాలు వెనక్కి వేశాడు.